ఆపా ఇంగ్లీషు

పోయిన వారం తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. ప్రశ్నపత్రంలో ఇచ్చిన పాసేజీలో ఒక ముసలాయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి బజారుకెళ్తాడు. బట్టల కొట్టు అనుకుని మందుల షాపులోకి వెళ్ళి కూర్చుంటాడు. అక్కడితో పాసేజీ అయిపోతుంది. దాని కింద ప్రశ్నలు. ఒక అమ్మాయి జవాబులన్నీ చక్కగా రాసి, చివర కాస్త ఖాళీ దొరికితే అక్కడ తెలుగులో చిన్న అక్షరాలతో అడిగింది: "టీచర్, తరవాత తాతగారు ఇంటికి వెళ్ళిపోయారా?"

నవ్వొచ్చింది. పక్క కుర్చీలో ఉన్న లెక్కల మేడంకి చూపించాను. ఆవిడా నవ్వి, "అడగనిది రాస్తే మార్కు తీసెయ్యాలి" అంది. నేను తియ్యలేదు. తీస్తే ఆపా ఊరుకునేది కాదు.

ఆపా నాకు చుట్టం కాదు, ఇరుగుపొరుగు కూడా కాదు. బి.ఇడి. ప్రవేశ పరీక్షకి కలిసి చదువుకున్నాం, అంతే. డిగ్రీ అయిపోయి నేను రోజూ లైబ్రరీకి వెళ్ళే రోజులవి. ఒక రోజు నల్ల బురఖాలో, ముక్కు మీదకి జారే కళ్ళజోడుతో ఒకావిడ నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని, నా చేతిలో ఉన్న గైడే తన సంచీలోంచి తీసింది. ఇద్దరం ఒకరి పుస్తకం ఒకరం చూసుకున్నాం.

"నువ్వూ ఇదేనా?" అంది.

"అవునక్కా" అన్నాను.

"మా ఇళ్ళల్లో ఆపా అంటారు. అలా పిలు, దగ్గరగా ఉంటది."

లైబ్రరీలో మాట్లాడకూడదు. ఆపాకి మాట్లాడకుండా చదవడం రాదు. అందుకని మొదటి రోజే వాచ్‌మన్ మమ్మల్ని బయటికి పంపేశాడు. వెనక వైపు మెట్లు నీడగా ఉంటే అక్కడ కూర్చున్నాం. వేసవంతా ఆ మెట్లే మా కాలేజీ.

ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి. ఇద్దరు పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. ఇంటర్ అవ్వగానే పెళ్ళయింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక దూరవిద్యలో డిగ్రీ చేసింది. టీచరు కావాలని కోరిక. ఇంట్లో అడ్డు అత్తగారు ఒక్కరే. ఆవిడా పూర్తిగా వద్దనలేదు. "ఒక్కసారి రాయి. సీటొస్తే సరే. రాకపోతే ఆ పుస్తకాలు అటక మీద పెట్టెయ్యాలి" అందట. ఆపా ఆ మాట నాతో చెప్పినప్పుడు కోపంగా చెప్పలేదు. బస్సు వేళ చెప్పినంత మామూలుగా చెప్పింది. "అందుకే, పిల్లా, నాకు ఇంగ్లీషు ఈ ఏడే రావాలి."

ఆపాకి సోషల్ కంఠతా వచ్చు. భయమంతా ఇంగ్లీషుతోనే. అదీ మూడు రకాల భయం. గ్రామరు, మాటలు, పాసేజీలు.

గ్రామరు సంగతి తొందరగానే తేలిపోయింది. టెన్సులన్నీ ఆపా వాళ్ళాయన మీద పెట్టి నేర్చుకుంది. ఆయనకి వన్‌టౌన్‌లో ఆటోలకి సీట్లూ టాపులూ కుట్టే షాపు ఉండేది. "హి స్టిచెస్. హి ఈజ్ స్టిచింగ్. హి హేజ్ బీన్ స్టిచింగ్ సిన్స్ మార్నింగ్" అంటూ వేళ్ళు మడిచేది. "హి విల్ హేవ్ స్టిచ్డ్" దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. "రేపటికల్లా కుట్టేసుంటాడు అనేది అబద్ధం. ఆయన ఎప్పుడూ రేపటికల్లా ఇవ్వడు" అనేది. వేరే మనిషిని పెట్టుకో ఆపా అంటే, కాసేపు ఆలోచించి, పోస్టుమేన్‌ని పెట్టుకుంది.

మాటల పని ఇంకా వింతగా ఉండేది. గైడులో వరసగా ఉన్న ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే తీసి తమ వీధిలో మనుషులకి పంచేది. పొద్దున్నే షట్టరు ఎత్తడానికి బద్ధకించే టీ కొట్టాయన "రిలక్టెంట్". షాపుకొచ్చి సీటు కుట్టేదాకా నోరు మూయని ఆటో అతను "గారులస్". సబ్బు ముక్కలు పారెయ్యకుండా నొక్కి ఒకటి చేసే అత్తగారు "ఫ్రూగల్". ఆ మాట ఎదురైతే నాకు ఇప్పటికీ, చూడని ఆ అత్తగారే కళ్ళ ముందుకొస్తుంది. "వల్నరబుల్", అంటే తేలిగ్గా దెబ్బతినే మనిషి, అన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఆపా చాలాసేపు వీధంతా మనసులో తిరిగొచ్చి, "దీనికి ఎవర్నీ పెట్టను. ఊరికే గుర్తుపెట్టుకుంటాను" అంది.

ఒకసారి గైడులో చిరిగిన పేజీలు జిరాక్సు తీయించుకోడానికి వాళ్ళ షాపు వైపు వెళ్ళాం. ఆయన ఆటో వెనక సీటు మీద కూర్చుని రెగ్జిన్ లాగి మేకులు కొడుతున్నాడు. నన్ను చూసి, "రా చెల్లెమ్మా" అని స్టూలు జరిపాడు. ఆపా వైపు తిరిగి, "ఇయ్యాల నాను ఏ మాట?" అన్నాడు.

"డిలిజెంట్."

"అంటే?"

"ఒళ్ళు దాచుకోకుండా పని చేసేవాడు."

ఆయన కాసేపు మేకు కొట్టడం ఆపి, సీటు అంచు సరిచూసుకుంటూ, "నిన్న రాత్రి ఇంకేదో అన్నావ్ మరి" అన్నాడు.

"నిన్నది ఆబ్సెంట్-మైండెడ్. ఆ మతిమరుపు నిన్నటికే."

ఇద్దరూ నవ్వలేదు. రోజూ జరిగే మాటల్లాగే ఉన్నాయవి. నాకు ఆ షాపు ముందు నిలబడ్డప్పుడు, పెళ్ళంటే ఇలా కూడా ఉంటుందన్నమాట అనిపించింది.

అసలు చిక్కు పాసేజీలు. అక్కడ ఆపాని కదిలించడం నా తరం కాలేదు. కంప్యూటర్ మీద పరీక్ష, టైము కొంచెమే. పాసేజీ చదివి, కింద ప్రశ్నలకి జవాబులు నొక్కి ముందుకి పోవాలి. ఆపా ముందుకి పోదు. అందులో ఉన్న మనిషి దగ్గర ఆగిపోతుంది. కొత్త ఊళ్ళో ఉద్యోగంలో చేరిన కుర్రాడి మీద ఒకటుంటే, "వీడికి అక్కడ అన్నం ఎవరు వండుతారు?" అని బెంగ. కూతురికి ఉత్తరం రాసి పోస్టు చెయ్యకుండా దాచుకున్న తండ్రి మీద ఇంకోటి. దానికి ప్రశ్న, ఉత్తరం ఏ రంగు కవరులో ఉంది అని. ఆపాకి కోపమొచ్చింది. "మనిషి అంత బాధలో ఉంటే కవరు రంగు అడుగుతాడేటి వీడు?"

నాకు తెలిసిన చిట్కా చెప్పాను. ముందు ప్రశ్నలు చదువుకుని, తరవాత పాసేజీలో జవాబులు మాత్రం వెతుక్కోవాలి అని. ఒక రోజు ప్రయత్నించి పుస్తకం మూసేసింది.

"ఒకళ్ళింటికెళ్ళి, ఆళ్ళ ముఖం చూడకుండా బీరువా వెతికినట్టుంది పిల్లా. నాకు చేతకాదు."

ఆ వారం ఆపా దిగులుగానే ఉంది. ఇద్దరం టైము పెట్టుకుని చేస్తే నేను అన్నీ ముగించేసరికి ఆవిడ సగంలోనే ఉండేది. చేసినవన్నీ రైటే. చెయ్యనివే ఎక్కువ. "అటక శుభ్రం చేయించుకోవాలి" అంది ఒకసారి, నవ్వుతూనే.

ఆ మధ్యలోనే మా ఇంటి సంగతి ఒకటి జరిగింది. మాది సముద్రం ఒడ్డున జాలరిపేట. మా అయ్య చీకటితో ఫైబరు బోటు మీద వేటకెళ్ళి, ఎండెక్కేసరికి వచ్చేస్తాడు. అమ్మ ఆ చేపల్ని బుట్టకెత్తుకుని అమ్ముతుంది. ఒక రోజు తెల్లారాక గాలి లేచింది. వెళ్ళిన బోట్లన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చాయి. మా అయ్య ఉన్న బోటు రాలేదు. వచ్చినవాళ్ళు ఎవరూ చూడలేదన్నారు. ఇద్దరు ముగ్గురు మళ్ళీ బోటెక్కి వెతకడానికి వెళ్ళారు. అమ్మ ఇసకలో కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను.

లైబ్రరీకి రాలేనని ఆపాకి ఫోన్లో రెండు ముక్కలు చెప్పాను. కాసేపటికి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురఖా అంచులు ఇసకలో ఈడ్చుకుంటూ ఆవిడే వచ్చేసింది. సముద్రం ఎదురుగా అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదనుకుంటాను. అలల చప్పుడుకి ఉలిక్కిపడింది. అమ్మ పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

ప్రతి పాసేజీకీ "తరవాత ఏటయింది, తరవాత ఏటయింది" అని నన్ను వేధించే మనిషి, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పుడెళ్ళాడు, ఎంతమంది ఉన్నారు, ఏ వైపుకెళ్ళారు, ఏదీ అడగలేదు. వచ్చేస్తాడులే అని కూడా అనలేదు. పేటలో అందరూ అదే అంటున్నారు, వినేకొద్దీ భయం పెరుగుతోంది. ఆపా సంచీలోంచి గైడు తీసింది. పాసేజీలున్న పేజీలన్నీ దాటేసి, ఏకవచనం, బహువచనం ఉన్న పేజీ తెరిచింది.

"నైఫ్?" అంది నాతో.

నాకు వెంటనే అర్థం కాలేదు. తరవాత, "నైవ్స్" అన్నాను.

"లీఫ్?"

"లీవ్స్."

"మౌస్?"

"మైస్."

అలా అడుగుతూనే ఉంది. నేను సముద్రం వైపు చూస్తూ చెబుతూనే ఉన్నాను. నోరు ఏదో ఒక పనిలో ఉంటే ఊపిరి అందుతుందని ఆ రోజే తెలిసింది నాకు.

"ఫిష్?" అంది ఆపా.

"ఫిష్."

"రెండూ అదేనా?"

"అదే ఆపా. మారదు."

అప్పటిదాకా పలకని అమ్మ తల తిప్పింది. "ఏటి, ఒక సేపకీ బుట్టడు సేపలకీ ఆలకి ఒకటే మాటా?"

"ఒకటేనంట అక్కా" అంది ఆపా.

"మరి బేరం ఎలాగ సేత్తారమ్మా ఆలు?"

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అమ్మ పెదాలు కొంచెం కదిలాయి. అంతే, మళ్ళీ సముద్రం వైపు తిరిగిపోయింది. నన్ను చెల్లీ అనీ, మా అమ్మని అక్కా అనీ పిలవడం ఆపాకి ఆ రోజే అలవాటయింది. ఆ వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం దాటాక భీమిలి వైపు నుంచి రెండు బోట్లు కనబడ్డాయి. ముందు బోటు వెనక బోటుని తాడుతో లాగుతోంది. ఇంజను ఆగిపోయి చాలా దూరం కొట్టుకుపోయారట. అయ్య దిగి, తడిసిన లుంగీ పిండుకుంటూ వచ్చి, అమ్మని చూసి, "ఏటి, ఇక్కడ కూకున్నావ్? అన్నం వొండనేదా?" అన్నాడు. అమ్మ లేచి ఏడుస్తూ తిట్టడం మొదలెట్టింది. ఆపా గైడు సంచీలో పెట్టుకుని, బురఖాకంటిన ఇసక దులుపుకుంటూ పక్కకి తప్పుకుంది. ఎవరమ్మా ఈ తల్లి అని అయ్య అడిగితే, నాతో చదువుకునే ఆపా అని చెప్పాను. ఆయన దండం పెట్టాడు. ఆపా కూడా తడబడి దండమే పెట్టింది.

మర్నాడు మెట్ల మీద మళ్ళీ కలిశాం. గైడు తెరిచి, ఎక్కడ ఆపేశామో అక్కణ్ణించి మొదలుపెట్టాం.

పాసేజీల చిక్కు తీర్చింది నేను కాదు. అది చెప్పడానికి ఆపా ఒక రోజు మెట్లు గబగబా ఎక్కి వచ్చింది. సాయంత్రాలు ఇంట్లో కూరలు తరుగుతూ పాసేజీ పైకి చదువుకునేదట. పక్కన కూర్చున్న అత్తగారు, "ఆ గొణుగుడు ఏంటి? నాకూ అర్థమయ్యేలా చెప్పు" అందట. ఆపా ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, వాళ్ళ ఇంటి మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు అత్తగారు విని ఊరుకుంది. రెండో రోజు, "ఇయ్యాల కథ లేదా?" అని తనే అడిగింది.

"మరి ఆవిడకీ కథ మధ్యలో ఆగిపోతే బాధ లేదా ఆపా?"

"అదే కదా చెప్పేది. ఆవిడ ఆగదు చెల్లీ. కొత్త ఊరెళ్ళిన కుర్రాడికి అన్నం ఎవరు వండుతారో అన్నాను. 'ఆకలేస్తే వాడే వండుకుంటాడు. ఇంకోటి చదువు' అంది. ఉత్తరం దాచుకున్న తండ్రి సంగతి చెప్పాను. 'రంజాన్‌కి కూతురే వస్తుంది, అప్పుడు చేతికిచ్చేస్తాడు. ఇంకోటి చదువు' అంది. ఒక్క నిమిషంలో అందరి సంసారాలూ సర్దేస్తది."

ఆ తరవాత ఆపా వేగం పెరిగింది. పాసేజీ చివరికి రాగానే ఒక క్షణం కళ్ళు మూసుకునేది. అత్తగారైతే ఏమంటుందో అది అనుకుని, కళ్ళు తెరిచి ప్రశ్నల్లోకి దిగిపోయేది. పరీక్షకి ముందు వారంలో నాకంటే ముందే ముగించడం కూడా జరిగింది. అలా జరిగిన రోజు బజ్జీలు తినిపించింది.

పరీక్ష సెంటరు ఇద్దరికీ పరవాడ దారిలో ఒక కాలేజీలో పడింది. ఆపా వాళ్ళాయన తెలిసిన ఆటో మాట్లాడి, తన చేత్తో కుట్టిన కొత్త సీటు మీద మమ్మల్ని కూర్చోబెట్టి పంపాడు. పవర్‌ప్లాంటు పొగగొట్టాలు దూరంగా కనిపిస్తుంటే ఆపా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో, ప్రిపొజిషన్లో నాకు తెలియలేదు.

బయటికొచ్చాక చెప్పింది. రెండు పాసేజీలు వచ్చాయి. ఒకటి తేనెటీగల మీద. "అందులో మనుషుల్లేరు, గండం గడిచింది అనుకున్నాను." రెండోది రాత్రి రైల్లో నిద్రపోయి తప్పు స్టేషన్లో దిగిపోయిన ఒకావిడ మీద. చేతిలో పసిబిడ్డ. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. అక్కడ ఆగిపోయింది పాసేజీ.

"మౌసు మీంచి చెయ్యి తీసేశాను చెల్లీ. చంటిపిల్లతో ఆవిడ అక్కడ ఏం చేస్తది?"

"మరి?"

"కళ్ళు మూసుకున్నాను. 'దిగింది కదా, ఇంకో బండి ఎక్కుతుంది. నీ పని చూసుకో' అంది మా అత్త. పని చూసుకున్నాను."

ఫలితాలు వచ్చినప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నాది కాస్త ముందు, ఆపాది కాస్త వెనక. అయినా దువ్వాడ దగ్గరున్న ఒకే కాలేజీలో ఇద్దరికీ సీటొచ్చింది. ఆ మాట విని అత్తగారు ఏమందని అడిగాను. ర్యాంకు ఎంతని అడగలేదట. పరీక్షలో ఏ కథలొచ్చాయని అడిగిందట. తప్పు స్టేషన్ కథ రెండుసార్లు చెప్పించుకుని, చివర్న, "ఇక రోజూ కాలేజీకి పోతే సాయంత్రం కూరలు ఎవరు తరుగుతారు?" అందట. మర్నాటి నుంచి కత్తిపీట ఆవిడే ముందేసుకుందట.

ఇప్పుడు ఆపా విజయనగరం అవతల ఒక ఊళ్ళో సోషల్ టీచరు. వాళ్ళాయన షాపు కూడా అక్కడికే మార్చాడు. పండగలకి ఫోన్లో మాట్లాడుకుంటాం. మొన్న ఆ పిల్ల రాసిన ప్రశ్న చెబితే, "ఆ ముసలాయన ఇల్లు చేరాడని రాసి పంపు, పాపం పిల్లకి నిద్ర పట్టదు" అంది.

ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలంటే నేను కాలేజీలో మొదటి రోజు చెబుతాను. క్లాసులో అందరూ నా ఈడు వాళ్ళే, ఆపా ఒక్కతే పెద్దది. లెక్చరర్ ఒక్కొక్కళ్ళని లేపి ఇంగ్లీషులో పరిచయం చేసుకోమన్నాడు. పిల్లలందరూ పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు, హాబీలు అన్నీ గడగడా చెప్పేస్తున్నారు. నేనూ అలాగే చెప్పాను. ఆపా వంతు వచ్చింది. లేచి నిలబడి కళ్ళజోడు పైకి తోసుకుంది. మేమిద్దరం ఈ పరిచయం మెట్ల మీద చాలాసార్లు ప్రాక్టీసు చేశాం. భర్త వృత్తి, పిల్లల చదువులు, ఉమ్మడి కుటుంబం, అన్నీ వాక్యాలుగా పేర్చుకున్నాం. ఆవిడకి అన్నీ వచ్చు.

"ఐ యామ్ ఎ స్టూడెంట్" అంది.

లెక్చరర్ ఇంకా ఏదో చెబుతుందని చూశాడు. క్లాసంతా చూసింది.

"దట్స్ ఆల్ సార్" అని కూర్చుంది.

సాయంత్రం బస్టాపులో అడిగాను, అంత నేర్చుకున్నాం కదా, మిగిలిందంతా ఎందుకు చెప్పలేదని. ఆపా సంచీ భుజం మార్చుకుని, "అవన్నీ ఇక్కడెందుకు?" అంది.

బస్సొచ్చింది. జనం ఎక్కువే. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ మా దాకా వచ్చాడు. ఆపా తను దిగే పాత పోస్టాఫీసు స్టాపుకి టిక్కెట్టు ఇమ్మని, "బాబూ, స్టూడెంట్ పాసు ఎక్కడిస్తారు?" అని అడిగింది.

"ఎవరికమ్మా, మీ పాపకా?" అన్నాడతను, టిక్కెట్టు చింపుతూ.

"నాకు."

అతను తలెత్తి ఆవిడ ముఖం వైపు ఒకసారి చూశాడు. తరవాత ఏ కౌంటరుకి వెళ్ళాలో, ఏయే కాగితాలు, ఎన్ని ఫోటోలు తెచ్చుకోవాలో వివరంగా చెప్పాడు. ఆపా శ్రద్ధగా విని, మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. కిటికీ పక్క సీటు ఖాళీ అవగానే వెళ్ళి కూర్చుని, పక్కన నాకు చోటుంచి, సంచీ ఒళ్ళో పెట్టుకుంది.